ఉద్దానం జబ్బు అని తేల్చేముందు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 52 ఏళ్లు. ఒడిశాలో కాశీనగర్ దగ్గర పల్లె, వరి, కొంచెం జీడితోట. నీరసంగా ఉంటున్నారని పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 వచ్చింది. బీపీ 130/80, మూత్రంలో ఆల్బుమిన్ ‘నిల్’, మూడు నెలల షుగర్ సగటు 5.2. స్కానింగ్‌లో కిడ్నీలు కొంచెం చిన్నవి అన్నారు. షుగర్ లేదు, బీపీ లేదు కాబట్టి ఇది ఉద్దానం జబ్బేనని (శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో కారణం తెలియకుండా కిడ్నీలు చెడే జబ్బు), చేసేదేమీ లేదని ఊళ్లో పెద్దలు ఒకరు, మందుల షాపులో ఒకరు తేల్చేశారు. మరోవైపు మీ అక్క కూతురు. నాలుగేళ్లు నిండినా ఎదుగుదల లేదు, కాళ్లు వంకర తిరుగుతున్నాయి, కిడ్నీల్లో సున్నం పేరుకుందని స్కానింగ్‌లో రాశారు. అక్కను మేనమామకే ఇచ్చామని కూడా చెప్పారు. తాతకూ మనవరాలికీ ఒకటే జబ్బా అన్నది మీ ప్రశ్న.

ఒకటే అయ్యే అవకాశం చాలా తక్కువ. అంతకంటే ముఖ్యం, ఇద్దరిలో ఎవరి జబ్బుకూ ఇంకా పేరు దొరకలేదు. నేను పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ వైద్యురాలిగా పనిచేస్తున్నాను. మందులు రాసే డాక్టర్‌ను కాను. రోగి రక్తం, మూత్రం నా బల్ల మీదికి వస్తాయి, వాటి గురించి చెప్పగలను.

ముందు ఉద్దానం మాట. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఆ కొబ్బరి, జీడి తోటల మధ్య ఎన్ని ఇళ్లలో ఇంటి పెద్ద లేకుండా పోయారో సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు తెలుసు. వాళ్లు మన చుట్టాలే. ఆ జబ్బు నిజం. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటిదే ఉంది. కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, ఒళ్లు ఎండిపోయేలా ఎండలో చాకిరీ, పురుగుమందులు, భారలోహాలు, నొప్పి బిళ్లలు, అన్నిటి మీదా పరిశోధన నడుస్తోంది. కానీ వైద్యంలో ఆ పేరు ఎప్పుడు పెట్టాలో తెలుసుకోండి. చికిత్స ఉన్న జబ్బులన్నిటినీ ఒక్కొక్కటిగా వెతికి, ఏదీ కాదని తేలాక, మిగిలినదానికి పెట్టే పేరు అది. మనవైపు ఇది తలకిందులైంది. మొదటి రోజే ఆ పేరు పెట్టేస్తున్నారు. పెట్టిన మరుక్షణం వెతకడం ఆగిపోతోంది. వెతికితే బాగయ్యే మనుషులు అలా చేజారిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువ ఉన్నవారిలో ఎక్కువ తయారవుతుంది, బక్కపలచని వారిలో తక్కువ. కాబట్టి అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. 25 ఏళ్ల యువకుడికి 1.2 వస్తే కిడ్నీల వడపోత, అంటే జీఎఫ్ఆర్, నిమిషానికి దాదాపు 86 మిల్లీలీటర్లు. అరవై ఏళ్ల స్త్రీకి అదే 1.2 వస్తే 52 మాత్రమే. 2021లో సవరించిన సూత్రంతో మీ నాన్నగారి 1.9ని లెక్కకడితే 42 వస్తుంది. దీన్ని మూడో దశలో రెండో సగం అంటారు. తేలిగ్గా తీసుకోదగిన అంకె కాదు. అలాగని డయాలిసిస్ మాట ఎత్తవలసిన స్థితీ కాదు. కారణం వెతకడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

అయితే ఆ 1.9 నిజమేనా, ఎప్పటి నుంచి ఉంది అన్నవి ముందు తేలాలి. ముందు రాత్రి మాంసం గట్టిగా తిన్నా, సెప్ట్రాన్ రకం మాత్రలు వాడుతున్నా కిడ్నీ చెడకుండానే క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. చాలా చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ 1886 నాటి జాఫే పద్ధతే వాడతారు. పిక్రిక్ యాసిడ్ కలిపితే వచ్చే నారింజ రంగును కొలవడం అది. కీటోన్లు, ఎక్కువ గ్లూకోజు, కొన్ని యాంటీబయాటిక్స్ కూడా ఆ రంగును తేగలవు. ఎంజైమ్ పద్ధతిలో ఈ పొరపాటు బాగా తక్కువ. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో పద్ధతి పేరు ఉంటుంది, చూడండి. మనిషి మరీ సన్నగా ఉండి లెక్క నమ్మశక్యంగా లేకపోతే సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది. అది కండ మీద ఆధారపడదు.

ఎప్పటి నుంచి అనేదానికి యంత్రం అక్కర్లేదు. ఇంట్లో పాత కాగితాలు వెతకండి. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు, జ్వరానికి చేరినప్పుడు, ఎప్పుడో ఒకసారి క్రియాటినిన్ చేసే ఉంటారు. మూడేళ్ల కిందట 1.7 ఉంటే ఇది నెమ్మది జబ్బు. ఆరు నెలల కిందట 0.9 ఉంటే కథే వేరు, అప్పుడు ఒక్క వారం కూడా ఆగకూడదు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం మూడు నెలలకు పైగా ఉండాలని అంతర్జాతీయ నియమం. పాత కాగితం దొరక్కపోతే వారం పది రోజుల్లో మళ్లీ చేయించి, ఆపైన మూడు నెలలకు మరోసారి చూడాలి. ఈలోగా మూత్రం తగ్గినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆ ‘నిల్’ సంగతి. మీ రిపోర్టులో నన్ను ఆపిన మాట ఇదే.

మూత్రంలో ముంచే స్ట్రిప్ మీది పసుపు గడి ఆల్బుమిన్ తగిలితే పచ్చబడుతుంది. మిగతా ప్రోటీన్లను దాదాపు చూడదు. ఏడెనిమిదేళ్ల కిందట గుణుపురం వైపు నుంచి ఒక రిటైర్డ్ బడి మాస్టారి మూత్రం మా దగ్గరికి వచ్చింది. క్రియాటినిన్ 3 దాటింది, స్ట్రిప్ పసుపుగానే ఉండిపోయింది. ఆయనకూ అప్పటికే ఉద్దానం పేరు పెట్టేశారు. చీటీ మీద హిమోగ్లోబిన్ 8 అని, నడుము నొప్పి అని రాసి ఉండటం చూసి, నిల్ అని పంపబోతున్న మా టెక్నీషియన్‌ను ఆపాను. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన తేటను గాజు గొట్టంలోకి వంచి, సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేశాం. మొదటి చుక్కకు గొట్టంలో పొగ తీగలా దిగింది. మూడో చుక్కకు మొత్తం పలచని మజ్జిగలా తెల్లబడింది. గొట్టం వెనుక పట్టుకున్న కాగితం మీది అక్షరాలు కనిపించలేదు. స్ట్రిప్ కంటికి ఆనని ప్రోటీన్ అందులో నిండుగా ఉంది. తర్వాత చేసిన ఎలక్ట్రోఫోరెసిస్‌లో, అంటే ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసి చూసే పరీక్షలో, గీత ఒకచోట ముల్లులా లేచింది, యాంటీబాడీల ముక్కలను కొలిచే ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలో ఒక రకం విపరీతంగా పెరిగి ఉంది. ఎముక మూలుగ పరీక్షతో మైలోమా, అంటే ఆ మూలుగలో వచ్చే క్యాన్సర్, అని తేలింది. ఆయన నడుము నొప్పి ఆ జబ్బుదే. దానికి ఏళ్ల తరబడి మింగిన నొప్పి బిళ్లలు కిడ్నీలను మరింత దెబ్బతీశాయి. చికిత్స మొదలయ్యాక క్రియాటినిన్ 2 కిందికి దిగింది. ఆ రోజు ఉపయోగపడినది కొన్ని చుక్కల యాసిడ్, నడుము నొప్పి అని చీటీ మీద ఎవరో ఓపికగా రాసిన రెండు మాటలు.

మీ నాన్నగారికి అదే ఉందని అనడం లేదు. ఆయనకు చేయించవలసిన పరీక్ష మాత్రం దీని నుంచే అర్థమవుతుంది. పొద్దున లేవగానే పోసిన మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, మొత్తం ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, రెండూ ఒకే నమూనాలో చేయమని అడగండి. ఆల్బుమిన్ గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 300 దాటితే బాగా ఎక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే వడపోసే జల్లెడ, అంటే గ్లోమెరులస్, దెబ్బతిన్నట్టు. ఆల్బుమిన్ తక్కువగా ఉండి మొత్తం ప్రోటీన్ ఎక్కువగా ఉంటే అది జల్లెడ కింది నాళికల జబ్బయినా కావాలి, మాస్టారిలా లైట్ చెయిన్లయినా కావాలి. అప్పుడు ఎలక్ట్రోఫోరెసిస్ చేసి తీరాలి. నాళికల దెబ్బకు ఆల్ఫా-1 మైక్రోగ్లోబులిన్, బీటా-2 మైక్రోగ్లోబులిన్ అనే కొలతలున్నాయి. రెండోది ఆమ్ల మూత్రంలో త్వరగా విరిగిపోతుంది కాబట్టి నేను మొదటిదాన్నే నమ్ముతాను. ఉద్దానం తరహా జబ్బు నాళికలదే. ఆల్బుమిన్ కొద్దిగానే పోతుంది, బీపీ చాలాకాలం పెరగదు, కిడ్నీలు నిశ్శబ్దంగా కుదించుకుపోతాయి. మీ నాన్నగారి బొమ్మ దానికి దగ్గరగా ఉందన్న మాట కాదనను. కానీ పోలికకూ నిర్ధారణకూ మధ్య ఈ పరీక్షలన్నీ ఉన్నాయి.

మూత్రాన్ని మైక్రోస్కోపు కింద కూడా చూడాలి. అదీ పోసిన గంట రెండు గంటల లోపు. జల్లెడలోంచి నలిగి వచ్చిన ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండదు. అంచున చిన్న బుడగలు పొడుచుకొచ్చి, చెవులున్న తలకాయలా కనిపిస్తుంది. రాయి ఒరుసుకుని వచ్చిన రక్తంలో కణాలు గుండ్రంగానే ఉంటాయి. ఊళ్లో పట్టిన మూత్రం బస్సులో మూడు నాలుగు గంటలు ప్రయాణించి బరంపురం చేరేసరికి ఈ తేడా చెరిగిపోతుంది. కాబట్టి మనిషినే ల్యాబుకు తీసుకురండి, సీసాను పంపకండి.

షుగర్ సగటు 5.2 అన్నది కూడా వెంటనే నమ్మను. ఆ సగటు చెప్పే హెచ్‌బీఎవన్‌సీ పరీక్ష ఎర్ర కణానికి అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. కణం ఆయుష్షు తగ్గితే అంటుకునే సమయమూ తగ్గి, అంకె అబద్ధంగా తక్కువ వస్తుంది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఎర్ర కణాలను కొడవలి ఆకారంలోకి వంచే సికిల్ సెల్ జన్యువు, ఆ కణాలను కాపాడే ఎంజైమ్ తగ్గే జీ6పీడీ లోపం రెండూ ఉన్నాయి. సికిల్ జబ్బులో, జీ6పీడీ లోపంలో కణాలు ముందే రాలిపోతాయి. సికిల్ జన్యువు ఒక్కటే మోస్తూ ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా కొన్ని యంత్రాలు తప్పు అంకె ఇస్తాయి. కిడ్నీ జబ్బుతో వచ్చే రక్తహీనత, రక్తం ఎక్కించుకోవడం కూడా ఈ కొలతను పాడుచేస్తాయి. పరగడుపు గ్లూకోజు, 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకు మరోసారి, రెండూ చూస్తే సంగతి తేలుతుంది. మొదటిది 126, రెండోది 200 దాటితే మధుమేహమే, సగటు ఎంత వచ్చినా సరే. నమూనాను ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో తీయాలి, లేకపోతే కణాలే ఆ చక్కెరను తినేస్తూ పోతాయి. షుగర్ అని తేలితే కంటి రెటీనా చూపించండి. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న చాలామందిలో రెటీనా మీద కూడా మచ్చలుంటాయి. సికిల్ పరీక్ష ఎలాగూ ఒకసారి చేయించండి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక ఇది మన జిల్లాల్లో దొరకడం తేలికైంది. సికిల్ జన్యువు కిడ్నీ లోపలి భాగాన్ని నేరుగా కూడా దెబ్బతీస్తుంది, మూత్రంలో రక్తం తెస్తుంది.

స్కానింగ్ రిపోర్టులో ‘కొంచెం చిన్నవి’ అంటే చాలదు. రెండు కిడ్నీల పొడవు ఎన్ని సెంటీమీటర్లు, పై పొర మందమెంత, లోపల నీరు నిలిచి ఉబ్బిందా, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలింది అన్నవి రాయించుకోండి. పెద్దవారిలో మామూలు పొడవు 9 నుంచి 12 సెంటీమీటర్లు. ఇదే ఉద్దానం పేరుతో రెండేళ్లు మందులు మింగిన ఒక పెద్దాయనకు అసలు జబ్బు ప్రోస్టేట్ అడ్డు. గొట్టం వేసి మూత్రం బయటికి తీసిన రెండు వారాల్లో క్రియాటినిన్ 6 నుంచి 2కు వచ్చింది.

బయాప్సీకి విశాఖ వెళ్లాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు, పై ఫలితాలు చూశాక నిర్ణయించాలి. కిడ్నీలు బాగా కుదించుకుపోయి ఉంటే గుచ్చడం వల్ల ప్రమాదమే తప్ప కొత్త సంగతి తెలియదు. పొడవు తొమ్మిదిన్నర పైన ఉండి, ప్రోటీన్ ఎక్కువ పోతున్నా, నలిగిన రక్తకణాలు కనిపించినా బయాప్సీకి వెనకాడకండి. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సూదితో సేమ్యా తీగంత ముక్కలు రెండు మూడు తీస్తారు. ఒకటి మామూలు మైక్రోస్కోపుకు, ఒకటి ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు (కిడ్నీలో పేరుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో చూసే పరీక్ష), అవసరమైతే ఒకటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు. ఇమ్యునోఫ్లోరెసెన్స్ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్షకు దాదాపు పనికిరాకుండా పోతుంది. ఈ ఏర్పాటు ఉన్నచోటే చేయించండి. పెద్దవారిలో ప్రోటీన్ భారీగా పోతుంటే ముందు రక్తంలో పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ చూస్తారు. అది ఉంటే మెంబ్రేనస్ అనే జల్లెడ జబ్బని సూది గుచ్చకుండానే చెప్పగలిగే సందర్భాలున్నాయి. మీకు బరంపురం ఎంకేసీజీ, విశాఖ కేజీహెచ్, భువనేశ్వర్ ఎయిమ్స్, ఈ మూడు ఆసుపత్రులూ అందుబాటులోనే ఉన్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ప్రాథమిక రక్త, మూత్ర పరీక్షలు ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిదాన్ పథకం కింద ఉచితం.

ఏ యంత్రమూ చెప్పలేని సంగతి ఒకటుంది. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే మన పల్లె మనిషి లేదనే అంటాడు. నొప్పి బిళ్ల ఆయన లెక్కలో మందు కాదు. పైగా డాక్టరు ఒడియాలో అడుగుతారు, ఈయన తెలుగులో ఆలోచించి ఒడియాలో జవాబు చెబుతారు, రాసుకునేది ఇంగ్లిష్‌లో. మూడు భాషల మధ్య డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల జారిపోతుంది. సవర కుటుంబాలకైతే నాలుగో భాష. కాబట్టి ఇంట్లో ఉన్న ఖాళీ అట్టలు, పొడులు, భస్మాలు, గ్యాస్ బిళ్లలు అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. మీరూ పక్కన కూర్చుని చెప్పండి.

ఇక పాప సంగతి. నా దృష్టిలో తొందర పడవలసింది ఇక్కడే.

మేనమామను పెళ్లాడిన అమ్మాయికీ, ఆ మేనమామకూ ఉమ్మడిగా వచ్చిన జన్యువులు మీ అమ్మగారి పుట్టింటివి. ఒకే లోపం ఇద్దరి నుంచీ పాపకు చేరి జబ్బు వచ్చి ఉంటే, అది చాలావరకు ఆ వైపు నుంచే వచ్చినది, మీ నాన్నగారికి సంబంధం లేదు. తాతకూ మనవరాలికీ ఒకటే జబ్బు కాకపోవచ్చని మొదట అన్నది అందుకే. ఇందులో ఎవరి తప్పూ లేదు. మేనరికం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. అక్కను ఎవరూ ఒక్క మాట అనకుండా చూసుకోండి.

ఎదుగుదల లేకపోవడం, వంకర కాళ్లు, కిడ్నీలో సున్నం, మూడూ కలిస్తే మొదట అనుమానించవలసింది డిస్టల్ రీనల్ ట్యూబులార్ ఎసిడోసిస్. కిడ్నీ నాళికలు ఒంట్లోని ఆమ్లాన్ని బయటికి పంపలేకపోవడం అది. దాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న తీసివేత చాలు. రక్తంలో సోడియం నుంచి క్లోరైడ్, బైకార్బొనేట్ రెండూ తీసేయండి. ఉదాహరణకు సోడియం 138, క్లోరైడ్ 114, బైకార్బొనేట్ 14 అయితే మిగిలేది 10. బైకార్బొనేట్ పడిపోయినా తేడా మామూలుగానే ఉంది కాబట్టి నాళికల జబ్బు వైపు చూడాలి. అదే క్లోరైడ్ 100 ఉంటే మిగిలేది 24. అప్పుడు ఒంట్లో కొత్త ఆమ్లమేదో తయారవుతోందని, జీవక్రియ లోపాన్ని వెతకాలని అర్థం. ఈ రెండో దారిలో టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ సాయం చేస్తుంది. వడపోత కాగితం మీద ఎండబెట్టిన రక్తపు చుక్కలతో పదుల కొద్దీ జీవక్రియ జబ్బులను ఒకేసారి జల్లెడ పడుతుంది. మూత్రంలో ఆర్గానిక్ ఆమ్లాలను జీసీ-ఎంఎస్ అనే యంత్రం చూస్తుంది.

మొదటి దారిలోనే ఉందని తేలితే, రక్తం ఆమ్లంగా ఉన్న సమయంలోనే తాజా మూత్రం పీహెచ్ చూడాలి. 5.5 దాటితే అనుమానం బలపడుతుంది. రక్తంలో పొటాషియం తగ్గి ఉంటుంది, కానీ ఇక్కడే మోసం జరుగుతుంది. ఏడుస్తున్న పిల్ల చేతికి పట్టీ గట్టిగా బిగించి తీసిన రక్తం, గంటల తరబడి బస్సులో కుదుపులు తిన్న రక్తం, కణాలు పగిలి పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది. తక్కువ ఉన్నది మామూలుగా కనిపించి జబ్బు దాగిపోతుంది. పాప రక్తం తీసిన చోటే, అరగంటలో నడిచే యంత్రం ఉండాలి.

మూత్రంలో కాల్షియంతో పాటు ఆక్సలేట్ కూడా చూడమనండి. ఒంట్లో ఆక్సలేట్ అతిగా తయారయ్యే ప్రైమరీ హైపర్ఆక్సలూరియా కూడా కిడ్నీలో సున్నం తెస్తుంది, దాని దారి పూర్తిగా వేరు. రక్తంలో షుగర్ మామూలుగా ఉండి మూత్రంలో చక్కెర కనిపిస్తే ఫాన్కోని అనే నాళికల జబ్బును అనుమానించాలి, అప్పుడు సిస్టినోసిస్ (కణాల్లో సిస్టిన్ పేరుకునే జబ్బు) కోసం కళ్లను స్లిట్ ల్యాంప్ కింద చూడాలి. వంకర కాళ్లకు విటమిన్ డి లోపమూ కారణం కావచ్చు కాబట్టి అదీ కొలవాలి. చివరగా జన్యు పరీక్ష. దానికి కావలసింది ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం. లోపం ఏ జన్యువులో ఉందో తెలిస్తే తర్వాతి కాన్పు గురించి అక్కకు స్పష్టంగా చెప్పగలరు. ఇలాంటి జబ్బుల్లో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, గర్భంలోనే పరీక్షించే వీలూ ఉంది.

నేను అనుకుంటున్న జబ్బే అయితే మందు ఖరీదైనది కాదు. సిట్రేట్ లేదా బైకార్బొనేట్ రోజూ ఇస్తే ఆమ్లం తగ్గుతుంది, ఎముకలు గట్టిపడతాయి, పిల్ల ఎదగడం మళ్లీ మొదలవుతుంది. మోతాదు పిల్లల కిడ్నీ డాక్టరే చెప్పాలి, షాపులో సోడా పొట్లం కొని మొదలుపెట్టకండి. ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. పాపను వెనక నుంచి నెమ్మదిగా పిలిచి చూడండి, ఆ తర్వాత వినికిడి పరీక్ష చేయించండి. ఈ జబ్బులో ఒక రకం లోపలి చెవిని కూడా దెబ్బతీస్తుంది. ఆమ్లానికి మందు వాడినంత మాత్రాన వినికిడి తిరిగి రాదు, మాటలు నేర్చుకునే వయసు దాటకముందే చెవి యంత్రం పెట్టించాలి.

సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, మూత్రం పీహెచ్, ఈ అయిదు అంకెలు రాగానే ఇక్కడే రాయండి. నాన్నగారివి ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు, పాపవి ముందు కావాలి.